బండలు ఎత్తేలోపు: రాతి నేలను గీయాలా, ఫొటో తీయాలా, స్కాన్ చేయాలా?

పోయిన ఫిబ్రవరిలో ఒక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగింది. నెల్లూరు కుర్రాడు. మద్రాసులో ఆర్కియాలజీ ఎం.ఏ. చదువుతున్నాడు, తవ్వకానికి పోవడం అదే మొదలు. "అన్నా, మా ట్రెంచ్‌లో బండపరుపు బయటపడింది. అయిదు మీటర్లకి అయిదు మీటర్లు, నిండా బండలే. మూడు రోజుల్లో రికార్డు చేసి, ఎత్తేసి, కిందికి దిగాలంటున్నారు సార్. ప్లాన్ గీస్తే చాలంటాడొకడు. ఫొటోలు కలిపి కొలతల మోడల్ కట్టే ఫొటోగ్రామెట్రీ ఉండగా ఇంకా పెన్సిలేంట్రా అంటాడు ఇంకొకడు. ఐఫోన్‌తో స్కాన్ కొడితే పది నిమిషాల పనంటాడు మూడోవాడు. నువ్వేం చెయ్యమంటావు?"

ముగ్గురూ సగం సగం కరెక్టే అన్నాను. తర్వాత అరగంట మాట్లాడాను. అన్నం చల్లారిపోయింది, వాడికి మాత్రం సగమే అర్థమైంది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కోడంబాక్కంలో ఉంటూ పదిహేనేళ్ళుగా తవ్వకాల దగ్గర ప్లాన్లు గీసి బతుకుతున్నవాణ్ణి, కాబట్టి పెన్సిల్ మీద నాకు పక్షపాతం ఉంది. నా మాటల్లోంచి ఆ మేరకు మీరే తరుగు తీసుకోండి.

కుండపెంకు మీద అనుమానమొస్తే పదేళ్ళ తర్వాతైనా మ్యూజియం పెట్టె తెరిచి మళ్ళీ చూడొచ్చు. నేల అలా కాదు. బండలు ఎత్తాక, ఏ బండ దేనికి ఆనింది, ఏ సందులో ఏముంది అన్న సంగతి మనం రాసుకున్నదాంట్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసి మురిసిపోయే తెలుగువాళ్ళమే, ఈ రాయి స్తూపంలో ఎక్కడ ఉండేదని పిల్లలడిగితే నీళ్ళు నములుతాం. 1816-17లో సర్వేయరు కర్నల్ కాలిన్ మెకంజీ తన మనుషుల చేత ఆ దిబ్బ ప్లానూ, రాళ్ళ బొమ్మలూ గీయించాడు. వాటిలో కొన్ని రాళ్ళు తర్వాత మాయమయ్యాయి, బొమ్మలు మిగిలాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిబ్బను మొత్తం తవ్వించి శుభ్రం చేశారు. మరుసటి ఏడు పురావస్తు సర్వే అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ మిగిలింది పెద్ద గుంట. ఇక నాగార్జునకొండ సంగతి తెలిసిందే. 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వారు, తర్వాత సాగర్ నీళ్ళొచ్చాయి. కొన్ని కట్టడాలను కొండమీదికీ, అనుపు దగ్గరికీ మార్చి నిలబెట్టారు. మిగతా ఇక్ష్వాకుల నాటి సున్నపురాతి పరుపుల గురించి ఇవాళ ఎవరేం మాట్లాడినా, లోయ మునగకముందు గీసినదాని మీదా, తీసిన ఫొటోల మీదా ఆనుకుని మాట్లాడాల్సిందే.

చేత్తో గీయడం

పద్ధతి పాతదే. మీటరు చదరపు చట్రం, అందులో 20 సెంటీమీటర్లకొక దారం. పలకకు గ్రాఫ్ కాగితం, దాని మీద పెర్మాట్రేస్, అంటే కింది గీతలు కనిపించే ప్లాస్టిక్ ఫిల్ము. స్కేలు 1:20. చట్రాన్ని రసమట్టంతో చదునుగా పెట్టి, నిటారుగా పైనుంచి చూస్తూ గడి తర్వాత గడి గీసుకుంటూ పోవాలి. ఇద్దరుంటే, బండలు వంకరటింకరగా ఉంటే, నా చేతికి చదరపు మీటరుకు ఇరవై నిమిషాలు పడుతుంది. 25 చదరపు మీటర్లంటే ఎనిమిది గంటలకు పైనే. మన ఎండలో ఎనిమిది గంటలంటే రెండు రోజులని అర్థం. మధ్యాహ్నం రెండు దాటాక గీసిన బండలన్నీ వాటంతటవే చక్కని దీర్ఘచతురస్రాలైపోతాయి. నా పాత ప్లాన్లు తీసి చూస్తే, ఏ గడి దగ్గర నాకు ఆకలి మొదలైందో ఇప్పటికీ చెప్పగలను.

ఇంకో పరిమితి లెక్కలోనే ఉంది. 1:20లో అర మిల్లీమీటరు పెన్సిల్ గీత నేల మీద ఒక సెంటీమీటరు. అయిదు మిల్లీమీటర్ల అతుకును ఆ స్కేలులో చూపించలేం, ఉందని మాత్రం చెప్పగలం. 1:10కి పోతే తప్పు సగమవుతుంది, టైము రెట్టింపుకు దగ్గరవుతుంది. నేల వాలుగా ఉన్నచోట చట్రాన్ని వాలుగానే పడేసి గీస్తే కొలతలన్నీ సాగిపోతాయి. అక్కడ గుండు వేలాడదీసి దించుకోవాల్సిందే.

ఇన్ని లోపాలున్నా నేను పెన్సిల్ వదలకపోవడానికి ఒకటే కారణం. గీసేవాడు ప్రతి బండ చుట్టూ చేతిని తిప్పాలి. తిప్పేటప్పుడు ప్రతిచోటా తేల్చుకోవాలి: ఇది అతుకా, పగులా? ఇది ఒకే బండ రెండు ముక్కలైందా, లేక మొదటినుంచీ రెండు బండలా? ఈ అంచు ఉలితో కొట్టిందా, అరిగిపోయిందా? కెమెరాకు ఈ బెడద లేదు. అన్నిటినీ ఒకేలా మింగి, దేన్నీ తేల్చకుండా మనకే వదిలేస్తుంది. మనం ఆ సంగతి తేల్చుకోవాలని కంప్యూటర్ ముందు కూర్చునేసరికి బండలు గట్టు మీద కుప్పగా ఉంటాయి.

ఫొటోగ్రామెట్రీ

కొలతలో దీనికి సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ కెమెరాకు 24 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, రెండు మీటర్ల ఎత్తునుంచి కిందికి తీస్తే ఒక్కో ఫొటోలో దాదాపు రెండు మీటర్లకు 1.3 మీటర్ల నేల పడుతుంది. ఒక పిక్సెల్ అంటే నేల మీద మిల్లీమీటరులో మూడోవంతు. వరసలో ఫొటోకీ ఫొటోకీ 80 శాతం, వరసకీ వరసకీ 60 శాతం ఒకదానిమీదొకటి పడేలా నడిస్తే మన 25 చదరపు మీటర్లకు నూట యాభై నుంచి రెండొందల ఫొటోలు. తీయడం గంట పని. ఫొటోలను మోడల్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లలో మెటాషేప్ డబ్బులు పెట్టి కొనాలి, మెష్‌రూమ్ ఉచితం. వచ్చిన ఆర్థోఫొటోను, అంటే వంకర తీసేసి స్కేలుకు కుదిర్చిన పైనుంచి ఫొటోను, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వేసుకుని, అదీ ఉచితమే, తీరిగ్గా బండల అంచులు గీసుకోవచ్చు.

ఇక్కడ అందరూ పడే గోతులు మూడున్నాయి. మొదటిది కొలత. స్కేలు బద్దలు గానీ, కొలిచిన గుర్తులు గానీ లేకపోతే మోడల్ అందంగా ఉంటుంది, దానికి సైజుండదు. కనీసం నాలుగు మూలలా, వీలైతే ఆరేడు చోట్ల గుర్తులు పెట్టి, కోణాలూ దూరాలూ కొలిచే సర్వే పరికరం టోటల్ స్టేషన్‌తో కొలవండి. అందులో ఒకటి రెండు లెక్కలోకి ఇవ్వకుండా పక్కన పెట్టుకుంటే, చివర్లో మోడల్ నిజం చెబుతోందా లేదా వాటితోనే తేలుతుంది.

రెండోది నేలల విషయంలో చాలా ప్రమాదం. అన్ని ఫొటోలూ నిటారుగా కిందికే తీస్తే, లెన్సు వంపును సాఫ్ట్‌వేర్ తప్పుగా అంచనా వేసుకుని, చదునైన నేలను కూడా గిన్నెలాగానో బోర్లించిన మూకుడులాగానో వంచేస్తుంది. తేడా రెండు మూడు సెంటీమీటర్లే ఉండొచ్చు. కానీ బండపరుపులో మనం వెతికేదే ఆ రెండు మూడు సెంటీమీటర్లు! నడిమధ్య పల్లం కనిపించగానే "ఇది నీళ్ళు పోవడానికి వదిలిన వాలు, ఇది పైకప్పు లేని వాకిలి" అని వ్యాఖ్యానం పుట్టుకొస్తుంది. పుట్టింది లెన్సులోంచి. విరుగుడు కష్టమేం కాదు. చుట్టూ తిరుగుతూ ఏటవాలుగా ముప్పై నలభై ఫొటోలు కలపండి, నేల మీద పాతిక చోట్ల ఎత్తు కొలిచే లెవెల్ పెట్టి అంకెలు రాసుకోండి, రెండూ సరిపోల్చండి.

మూడో గోతిలో నేనే పడ్డాను. కాంచీపురం వైపు ఒక తవ్వకంలో, ఇక ఈ కాలంలో గీయడమెందుకని ఫొటోలే నమ్ముకున్నాను. మిట్ట మధ్యాహ్నం తీశాను. బండలు తెల్లగా కాలిపోయాయి, సందులు నల్లటి గీతలైపోయాయి. వారం తర్వాత, ఆ సందుల్లో సున్నం ఉందా, మట్టి నిండిందా అని ఒక పెద్దాయన అడిగారు. సున్నం ఉంటే కట్టినవాళ్ళు పూశారు, మట్టి ఉంటే వాడినవాళ్ళు తొక్కి నింపారు. అంత చిన్న ప్రశ్నకు నా దగ్గర నాలుగొందల ఫొటోలుండి కూడా జవాబు లేదు. బండలు అప్పటికే లేచిపోయాయి. అప్పట్నుంచి పొద్దున్నే సూర్యుడు పైకి రాకముందు గానీ, పందిరి మీద తెల్లగుడ్డ కట్టి నీడలో గానీ తీస్తాను. విడిగా సాయంత్రం ఏటవాలు వెలుతుర్లో పది ఫొటోలు తీస్తాను, ఉలి గాట్లూ, పాదాలకు అరిగిన నునుపూ బయటపడేది అప్పుడే.

రాయి రకాన్నిబట్టి కూడా ఆలోచించండి. పల్నాటి సున్నపురాయి లాంటి బూడిదరంగు, మచ్చలున్న బండ కెమెరాకు ఇష్టం. పల్లావరం వైపు దొరికే చార్నకైట్ లాంటి నల్లరాయి నునుపుదేరి, పైగా తడిసి ఉంటే మెరుపు తప్ప ఏమీ అందదు. ఒకే రంగులో ఉన్న సున్నపు గచ్చుదీ అదే కథ. తడి ఆరేదాకా ఆగండి.

డ్రోన్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: అయిదు మీటర్ల నేలకు డ్రోన్ అక్కర్లేదు, కర్రకు కట్టిన కెమెరా చాలు. పైగా మీనంబాక్కం విమానాశ్రయం ఒకవైపు, కల్పాక్కం అణుకేంద్రం ఇంకోవైపు. మద్రాసు చుట్టుపక్కల ఆకాశానికి అనుమతులు తెచ్చుకునేలోపు నేల పనే అయిపోతుంది.

ఫోనూ, లేజరూ

ఐఫోన్లలో 2020లో 12 ప్రోతో మొదలైన లైడార్, అంటే కాంతి కిరణాలతో దూరం కొలిచే సెన్సర్, అయిదు మీటర్ల దాకా చూస్తుంది. ట్రెంచ్ మొత్తం ఆకారం, మట్టి ఎంత తీశామన్న అంచనా, గురువుగారికి వాట్సాప్‌లో పంపడానికి, వీటికి బావుంటుంది. తప్పు సెంటీమీటర్లలో ఉంటుంది, నడిచేకొద్దీ కాస్త కాస్త జారుతుంది. బండల అతుకులు దాని కంటికి ఆనవు. ఇదే ఏకైక రికార్డు అయితే, క్షమించాలి, అది రికార్డు కాదు. పెద్ద లేజర్ స్కానర్ కచ్చితత్వంలో మొనగాడే, కానీ అది గోడలకు పుట్టింది. మూడు కాళ్ళ మీద మనిషెత్తున నిలబడి నేలను చూస్తే దూరపు బండల మీద కిరణం పక్కవాటుగా జారిపోతుంది. ట్రెంచ్ గోడలు కూడా కావాలంటే, ఎవరో ఉచితంగా తెచ్చిస్తే వద్దనకండి. నేల కోసమే అద్దెకు తేవద్దు.

మూడు రోజులుంటే, ఒక్క పూటే ఉంటే

ఆ కుర్రాడికి చెప్పింది ఇదీ. మొదటి రోజు పొద్దున్న ఫొటోలు. మధ్యాహ్నం నీడపట్టున ప్రాసెసింగ్. రాత్రికి ఆర్థోఫొటో 1:10లో ముద్రించుకో. జెరాక్స్ షాపు దొరకదంటావు, బస్టాండు దాకా పో. రెండో రోజు ఆ ప్రింటు మీద పెర్మాట్రేస్ పరిచి, బండల దగ్గరే గొంతుక్కూర్చుని, ప్రతి అంచునూ నీ చేత్తో గీయి. కొలత కెమెరా ఇచ్చేసింది, కాబట్టి చట్రం అక్కర్లేదు, చదరపు మీటరుకు ఎనిమిది పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ తేల్చుకోవడం మాత్రం నువ్వే చేస్తావు, అదీ రాయి ఎదురుగా ఉండగా. అతుక్కి ఒక రంగు, పగులుకి ఒక రంగు, తెలియని చోట ప్రశ్నార్థకం. ప్రశ్నార్థకం పెట్టడానికి సిగ్గుపడొద్దు. మూడో రోజు లెవెళ్ళు, ఎత్తడం.

ఒక్క పూటే ఉంటే, అక్టోబరులో మబ్బు పట్టి ఉంటే, ఆలోచించకుండా ఫొటోలు. వాటితోపాటు ఒక స్కెచ్, స్కేలు లేకపోయినా సరే, ప్రతి బండకు ఒక నంబరు, సందుల్లో ఏముందో ఒక్కో ముక్క మాట. నేల నాలుగు చదరపు మీటర్లకు మించకపోతే చేత్తోనే గీసెయ్యండి, కంప్యూటర్ ఆన్ చేసేలోపు అయిపోతుంది. కరెంటూ ల్యాప్‌టాపూ లేని చోటైతే 1:20 చట్రమే దిక్కు, దాంట్లో తక్కువతనమేమీ లేదు. ఏ దారిలో వెళ్ళినా టోటల్ స్టేషన్ గానీ, కనీసం డంపీ లెవెల్ గానీ ఉండాలి. ఈ పోటీలో అది అభ్యర్థి కాదు, అందరూ నిలబడే గట్టు అదే.

మొదటి తవ్వకానికి వెళ్ళేవాళ్ళు ఇంట్లోనే చెయ్యి తిప్పుకోవచ్చు. పాత మద్రాసు మిద్దెల మీద ఎర్ర పెంకుల పరుపు ఉంటుంది కదా, మూడు మీటర్లకు మూడు మీటర్లు ముగ్గుపిండితో గీసుకుని చట్రంతో ఒకసారి, కెమెరాతో ఒకసారి ప్రయత్నించండి. ఏ పెంకులు తర్వాత మార్చారో కనిపెట్టండి. ఇంటి ఓనరు ఏమిటయ్యా ఇది అనడిగితే, జవాబు సరిచూసుకోవడానికి ఆయనకంటే మంచి సాక్షి లేడు. మిద్దె లేకపోతే వంటిల్లుంది. మన కడప బండ లేని వంటగట్టు ఈ ఊళ్ళో అరుదు. స్టవ్ దగ్గరా సింకు దగ్గరా అది ఎలా వేరువేరుగా అరిగిందో చూడండి. వాడకం రాతిని ఎలా మారుస్తుందో అదే మొదటి పాఠం.

అసలు ఇది నేలేనా?

బండలు పరుచుకుని కనిపించగానే నేల అని రాసేయడం కుర్రతనం. నాలుగు పోటీదార్లు ఉంటారు: గది నేల, ఆరుబయటి వాకిలి, పడిపోయిన గోడ, ఎప్పుడూ ఎవరూ తొక్కని పునాది చప్టా.

పడిన గోడైతే రాళ్ళు ఒకదానిమీదొకటి ఎక్కి, ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. సున్నమో మట్టో వాటి ముఖాల మీద అంటుకుని ఉంటుంది, పైముఖం అరగదు. పునాది చప్టాకు పైభాగం గరుకుగా ఉంటుంది, అతుకులు పట్టించుకోకుండా వేసి ఉంటారు. వాకిలికి వాలుంటుంది, ఆ వాలు ఒక తూము వైపో కాలువ వైపో నడుస్తుంది. రాయి ఎండావానలకు పొరలు లేచి ఉంటుంది. గది నేలైతే బండలు వచ్చి గోడకు ఆనుతాయి, గడప దగ్గర నునుపెక్కువ, పక్కన తలుపు ఇరుసు తిరిగిన గుంట దొరికితే పండగే. పైకప్పు పెంకులు బండల మీదే నేరుగా పడి ఉంటే అది కప్పున్న చోటని గట్టిగా చెప్పొచ్చు.

వీటన్నిటిలో నేను ముందు చూసేది గోడ దగ్గర. బండ గోడకు ఆనిందా, గోడ బండ మీద కూర్చుందా? ఆనితే గోడ ముందు, నేల తర్వాత. గోడే బండ మీద ఎక్కితే నేల ముందు, ఆ గోడ తర్వాతి వాళ్ళది. ఇలా ఏది ముందో ఏది వెనకో గీతలతో చూపే పట్టికను పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిస్ 1973లో రూపొందించాడు. నేలను ఒకే పెట్టెగా అందులో వేయకండి. కింద పరిచిన ఇసుక, బండలు, సందుల్లో చేరిన మట్టి, మధ్యలో మరమ్మతు, పైన పడిన శిథిలం, ఒక్కోదానికి ఒక్కో నంబరు. గోడ మొదలు సరిగ్గా బాల్క్ కింద, అంటే ట్రెంచ్‌ల మధ్య తవ్వకుండా వదిలే మట్టి గట్టు కింద, పడితే? అప్పటి పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వినప్పటినుంచీ బాల్క్ అంటే మనకు దాదాపు దేవుడి గట్టు. సెక్షన్, అంటే గట్టు నిలువు ముఖంలో కనిపించే పొరలు, గీసేసి, అనుమతి తీసుకుని ఆ గట్టు తీసేయమనే చెబుతాను. నేలకు జవాబు చాలాసార్లు అంచులోనే ఉంటుంది.

కడగడానికి తొందరపడొద్దు. నీళ్ళ లారీ వచ్చిన రోజు అందరికీ హుషారొస్తుంది. బకెట్లు కుమ్మరిస్తే బండల రంగు తేలుతుంది, సందుల్లోని సన్నటి మట్టి పోతుంది. వండారా, పశువుల్ని కట్టారా, ధాన్యం దంచారా అన్న ఆనవాళ్ళు, ఫాస్ఫేట్లూ, గడ్డిజాతి మొక్కలు వదిలే సిలికా రేణువులూ దాక్కునేది ఆ మట్టిలోనే. ముందు సందులవారీగా చిన్న కవర్లలో తీసుకోండి, తర్వాత కడగండి.

ఎత్తడం

తేదీ కావాలంటే పైన కాదు, కింద చూడాలి. బండ మీద దొరికిన నాణెం ఎవరో ఎప్పుడో పారేసుకున్నది. బండ కింద, కదలని పరుపులో దొరికిన నాణెం, ఈ నేల నాకంటే ముందుది కాదని మాత్రం ఒట్టేసి చెబుతుంది. అంతకుమించి చెప్పదు. నూరేళ్ళు చలామణి అయిన నాణెం కావొచ్చు.

కింది ఇసుకకు కాంతి ఆధారంగా తేదీ కట్టించాలనుకుంటే ఆ నిర్ణయం ఎత్తకముందే జరగాలి. ఆ ఇసుక రేణువులు చివరిసారి వెలుతురు ఎప్పుడు చూశాయన్నదే ఆ పద్ధతి కొలిచేది. బండ ఎత్తి అందరూ ఫోన్లతో ఫొటోలు తీసుకున్నాక గొట్టం దింపితే, ఇవాళ మధ్యాహ్నం అని తేదీ వస్తుంది. ఒక అంచున సెక్షన్ కోసి, పక్కనుంచి బండ కిందికి ఇనుప గొట్టాన్ని దిగగొట్టి, రెండు చివరలూ నల్లగా మూసేయాలి.

ప్రతి బండకూ పైముఖం మీద నంబరూ, ఉత్తరం గుర్తూ రాసి, ఎత్తగానే అడుగు ముఖం కూడా ఫొటో తీయండి. చెక్కిన రాతిని తిరగేసి నేలకు వాడుకోవడం మన పాత కట్టుబడుల్లో కొత్తేం కాదు. అది ఎత్తినప్పుడు చెయ్యి వణకని వాడికి ఈ పని పడదు. కింద ఏముంది, ఇసుకా, సున్నమా, ఇటుక ముక్కలా, బండ వారీగా రాయండి. అందరూ పై ప్లాన్ ఒకటి గీసి చేతులు దులుపుకుంటారు. అడుగు ప్లాన్ రెండోది గీయండి, అదే ప్రింటు మీద ఇంకో ఫిల్ము పరిస్తే అయిపోయె.

కుర్రాడు నాలుగో రోజు మెసేజ్ పెట్టాడు. నలభై మూడు బండల్లో నలభై కింద సన్నటి ఏటి ఇసుక, రెండువేళ్ళ మందం. 17, 18, 24 కింద మాత్రం ఇసుక లేదు, విరిగిన ఇటుక ముక్కలూ నల్లమట్టీ. ఫొటోలో ఆ మూడూ మిగతావాటిలాగే ఉన్నాయట. తను గీసిన ఫిల్ము తీసి చూస్తే, రెండో రోజు సాయంత్రం 17 చుట్టూ తనే ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టాడో గుర్తులేదంటాడు. ఇప్పుడు ఆ మూడు బండల నల్లమట్టికి విడిగా నంబరివ్వాలా, లేక పాత నంబరులోనే కలపాలా అని అడుగుతున్నాడు. విడిగా, మూడింటికీ మూడు, అని రాశాను.